థియేటరు నోరు, పరీక్ష నోరు

జనవరి 11

ఇంగ్లీషు పరీక్ష రెండోసారి కూడా పోయింది.

చదవడం, వినడం, రాయడం, మూడింట్లోనూ యూనివర్సిటీ అడిగినదానికంటే ఎక్కువే వచ్చాయి. మాట్లాడటంలో మాత్రం మళ్ళీ తక్కువ. మొదటిసారి కంటే ఈసారి ఇంకో మార్కు తగ్గింది. అంటే ఈ మధ్యలో నెలల తరబడి ప్రాక్టీసు చేసి మరీ ఒక మార్కు పోగొట్టుకున్నాను. ఇలాంటి ప్రతిభ అందరికీ రాదు.

తప్పు హెడ్‌ఫోన్లది. ఎడమ చెవిది వదులుగా ఉంది. పైగా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయి తన సొంత ఊరి గొప్పలు మైకులో అరిచి చెబుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడందని ఎవరైనా అంటే అననీ, హెడ్‌ఫోన్లు మాత్రం బాగాలేవు.

ఇంట్లో రిజల్టు ఇంకా రాలేదని చెప్పాను.

జనవరి 14

మార్చి నెలాఖరు గడువు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటైతే ఇచ్చారు కానీ షరతు మీద ఇచ్చారు. పాఠాలన్నీ ఇంగ్లీషులో జరుగుతాయి కాబట్టి నాలుగు భాగాల్లోనూ పాసైనట్టు కాగితం తెచ్చి చూపించాలి. లేకపోతే సీటు వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి పోతుంది. నా గుర్తింపు కార్డు మీద ఎర్ర సిరాతో 'తాత్కాలికం' అని ముద్ర వేశారు. క్లాసులో నా పక్కన కూర్చునే పిల్లలందరి కార్డుల మీదా ఏ ముద్రా లేదు. ఆ పిల్లలు పుట్టేనాటికే నేను ఆపరేషన్ థియేటర్లో కత్తెరలు అందిస్తున్నాను.

నాకీ సీటు కావాలి. ఎంత కావాలంటే, ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గేస్తోంది. థియేటర్లో పని నేర్చుకోవడానికి వచ్చే నర్సులకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తిట్లు తిని నేర్చుకోవాలి, నేనూ అలాగే నేర్చుకున్నాను. వాళ్ళకి నేర్పే మనిషిని నేనవ్వాలి. దానికి ఈ డిగ్రీ ఉండాలట. సరే, ఉంటుంది.

నేనేం భయపడటం లేదు.

జనవరి 20

కోచింగులో చేరాను. అక్కడి మాస్టారికి ప్రతి ప్రశ్నకూ ఒక అచ్చు ఉంది. ఏమడిగినా ముందు 'దీనికి రెండు కారణాలున్నాయి' అని మొదలుపెట్టాలి, చివర్లో 'అందువల్ల' అని ముగించాలి. మీకిష్టమైన రంగు ఏదని అడిగినా రెండు కారణాలే. ఇన్నేళ్ళ కాపురానికే నా దగ్గర రెండు కారణాలు లేవు, రంగుకి ఎక్కణ్ణించి తేను?

నా జబ్బు యాసలో ఉందని మాస్టారి నిర్ధారణ. "మాటని మెత్తగా నమిలి వదలాలమ్మా" అన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నములుతుంటే అత్తయ్య గుమ్మంలోంచి చూసింది.

"పంటి నొప్పా అమ్మాయ్? లవంగం పెట్టుకో."

జనవరి 22

హెడ్‌ఫోన్లే.

జనవరి 29

మా ఆయనకి తెలిసిపోయింది. మా హాస్పిటల్లో లిఫ్టు బాగుచేయడానికి ఆయన్నే పిలుస్తారు. ఇవాళ లిఫ్టులో ఎవరో సానుభూతి చూపించారట, "పాపం, మీ మిసెస్‌కి మళ్ళీ పోయిందటగా" అని. పోయినందుకు నాకంత బాధ లేదు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత ఊరికే పుట్టలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే ఏం చేస్తావు, స్పానరు తెచ్చి నా నాలిక బిగిస్తావా?"

నవ్వాడు. "మళ్ళీ రాయి. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టుని అక్కడే వదిలేసి నేనెప్పుడైనా ఇంటికొచ్చానా?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తూ ఏడ్చాను. గిన్నెల చప్పుడు దేనికో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ లోపలికి రాలేదు.

ఫిబ్రవరి 6

రాయాలి. ఇప్పుడే రాయాలి.

థియేటర్లోకి కొత్త సర్జన్ వచ్చి వారమైంది. మంచి పనితనం ఉన్నవాడు, ఓపిక మాత్రం గోరంత. ఇవాళ కడుపు తెరిచి ఉండగా సన్న క్లాంపు అడిగాడు. "సన్న క్లాంపు, వంపుది" అని నేను పైకి చెప్పాను. చెప్పి, అతని వైపు చూశాను. అతను చెయ్యి చాచి నిలబడ్డాడు, నేను క్లాంపు పట్టుకుని నిలబడ్డాను.

"సిస్టర్, నేనడిగింది మళ్ళీ నాకే చెప్పడమెందుకు? ఇచ్చెయ్యండి. మీరు చెప్పడం అయ్యేదాకా నా చెయ్యి గాల్లో ఉంటోంది."

నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడ పద్ధతి ఇదే డాక్టర్. మీరు అడిగింది మీ చెవికి ఇంకోసారి వినపడాలి. తప్పడిగితే మీరే సర్దుకుంటారు, తప్పు విన్నానంటే మీరే ఆపుతారు. మీరు ఊఁ అనాలి. ఊఁ అంటేనే వస్తువు చేతికొస్తుంది. పాత పెద్ద సర్జన్ గారు రిటైరయ్యేదాకా ఊఁ అంటూనే ఉన్నారు."

తలవైపు స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టరు గారు, నేను చేరినప్పటి నుంచీ ఈ థియేటర్లోనే ఉన్న మనిషి, పైకి చూడకుండానే అన్నారు. "ఊఁ అనెయ్ బాబూ. లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం."

కొత్త సర్జన్ "ఊఁ" అన్నాడు. క్లాంపు ఇచ్చాను.

అప్పుడు తట్టింది. మెదడులో ఎవరో లైటు వేసినట్టయింది. పరీక్షలో కంప్యూటరు ప్రశ్న అడుగుతుంది. 'మీరు చిన్నప్పుడు ఎక్కువగా వెళ్ళిన ఒక చోటు గురించి చెప్పండి.' జవాబుకి ముప్పావు నిమిషం ఇస్తుంది. నేనేం చేస్తాను? ఆ ప్రశ్నంతా ఇంగ్లీషులో, నిదానంగా, ఒక్క మాట పోకుండా దానికే తిరిగి అప్పజెబుతాను. చెప్పి ఆగుతాను. కంప్యూటరు ఊఁ అనాలని ఆగుతాను! అది అనదు. అనదని తెలిశాక, కంగారుపడి, మిగిలిన కాస్త టైములో జవాబు మొదలుపెడతాను. సగంలో టైము అయిపోతుంది. ప్రతి ప్రశ్నకీ అంతే చేశాను, రెండుసార్లూ. ప్రాక్టీసు పెరిగేకొద్దీ ప్రశ్నని ఇంకా శుభ్రంగా, ఇంకా నిదానంగా అప్పజెప్పానే తప్ప జవాబు పెరగలేదు. మార్కు తగ్గక ఏమవుతుంది?

నాకు ఇంగ్లీషు వచ్చు. నాకు ఇంగ్లీషు వచ్చు. నాకు ఇంగ్లీషు వచ్చు.

హెడ్‌ఫోన్లకి క్షమాపణలు.

ఫిబ్రవరి 8

ఇంట్లో చెప్పగానే అత్తయ్య ఏమందంటే: "ఇదా సంగతి! నేను మంచినీళ్ళడిగితే 'మంచినీళ్ళు' అంటావు, దుప్పటడిగితే 'దుప్పటి' అంటావు. నేనడిగింది నచ్చక ఎత్తిపొడుస్తున్నావేమో అనుకుని పెళ్ళయిన కొత్తలో నేనెంత కుమిలిపోయానో!"

ఇన్నేళ్ళుగా నా మీద పెట్టుకున్న అనుమానం ఇదన్నమాట. ఇద్దరం నవ్వీ నవ్వీ కూలబడ్డాం.

ఇక ఇంట్లో కొత్త చట్టం. ఎవరేమడిగినా నేను తిరిగి చెప్పకూడదు. చెబితే ఆ పూట గిన్నెలు నావి, చెప్పకపోతే మా ఆయనవి. ఆయన పొద్దున్నించీ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. మగవాడు గిన్నెలు తోమకుండా ఉండటానికి ఎంత కష్టపడతాడో ఇవాళ చూశాను.

ఫిబ్రవరి 9

గిన్నెలు నావే.

ఫిబ్రవరి 13

నావే.

ఫిబ్రవరి 21

ఆయనవి! పొద్దున్నా సాయంత్రం కూడా. అత్తయ్య మాత్రం కొడుకు పక్కన నిలబడి, "ఆ మూల జిడ్డు పోలేదురా" అని పర్యవేక్షిస్తోంది. నేను కుర్చీలో కూర్చుని కంప్యూటరు అడిగే ప్రశ్నలకి టకటకా జవాబులు చెప్పాను. టైము మిగిలింది కూడా. పరీక్షకి మూడోసారి డబ్బు కట్టేశాను. ఈసారి నన్నెవరూ ఆపలేరు.

మార్చి 3

ఎవరికీ చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ థియేటర్లో మత్తు డాక్టరు గారు ఒక మందు అడిగారు. నేను సిరంజి తీసుకెళ్ళి ఆయనకి అందించాను. ఆయన పుచ్చుకోలేదు. చెయ్యి అలాగే పెట్టి, నా ముఖంలోకి చూశారు.

"ఏమిస్తున్నావమ్మా నాకు?"

సిరంజి మీద పేరు చూశాను. ఆయన అడిగిందే. మందు సరైనదే, మోతాదు సరైనదే. నోరే తప్పింది. నేను పైకి చెప్పలేదు, ఆయన ఊఁ అనలేదు. చెప్పాలన్న సంగతే గుర్తురాలేదు. ఇంట్లో గిన్నెల కోసం మానిపించిన నోరు ఇక్కడ కూడా మానేసింది.

ఏమీ జరగలేదు. పేషెంటు బాగానే ఉన్నాడు, వార్డులో కొడుకుతో పోట్లాడుతున్నాడు కూడా. అయినా నేను దుస్తులు మార్చుకునే గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. మత్తు డాక్టరు గారు గుమ్మం బయటే నిలబడి అన్నారు.

"పరీక్ష కోసమా?"

"అవును సార్."

"నీ సంగతి నాకు తెలుసమ్మా. ఏది చెయ్యకూడదో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు." అంతే అని వెళ్ళిపోయారు. నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మార్చి 4

మూడో పరీక్ష రద్దు చేసుకున్నాను.

ఒక నోరు ఇంట్లో, ఒక నోరు థియేటర్లో అని అనుకున్నాను. నాకు అంత నేర్పు లేదు. రెంటికీ చెడ్డ రేవడిలా అవ్వడం కంటే, ఉన్న ఒక్క నోటినీ మనుషుల ప్రాణాల దగ్గర ఉంచుకుంటాను. సీటు పోతే పోనీ.

పోతే పోనీ అని రాయడం తేలికే. పొద్దుటి నుంచీ కార్డు మీద ఎర్ర ముద్ర చూస్తూ కూర్చున్నాను.

మార్చి 6

సీటు వదులుకుంటున్నానని చెప్పడానికి యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి సూపరింటెండెంటు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "మీకు ఉద్యోగానుభవం ఉందిగా? కమిటీకి ఎందుకు వెళ్ళకూడదు?"

అనుభవం ఉన్నవాళ్ళు కంప్యూటరు పరీక్ష బదులు ముగ్గురు మనుషుల ముందు ఇంగ్లీషులో ఒక పాఠం చెప్పి, వాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పవచ్చట. రూల్సులో మొదటి నుంచీ ఉందట. "మరి ఎవరూ చెప్పలేదే!" అన్నాను.

"ఎవరూ అడగలేదు. మనుషులంటే భయపడి అందరూ కంప్యూటరుకే వెళ్తారమ్మా. పైగా ఇది ఒక్కసారే. అందులో పోతే మళ్ళీ ఏ పరీక్ష కాగితం తెచ్చినా చెల్లదు."

మనుషులు! ముక్కూ మొహం ఉన్న, ఊఁ అనగలిగిన మనుషులు! నేను కుర్చీలోంచి లేచి మరీ సంతకం పెట్టాను. తాడో పేడో తేలిపోతుంది.

మార్చి 7

నేనేం భయపడటం లేదు.

మార్చి 12

నిజంగానే.

మార్చి 17

అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి ఇంగ్లీషులో పాఠం చెప్పాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు. చివర్లో, "ఏమిటోగానీ, నువ్వు చెబుతుంటే లేచి వెళ్ళబుద్ధి కాలేదు" అంది. మా ఆయనకి సగం అర్థమవుతుంది. ఆయన నిద్రపోయాడు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. అత్తయ్యనే నమ్ముతున్నాను.

మార్చి 20

అయింది. మొత్తం రాస్తాను, ఒక్కటీ వదలను.

పొడవాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్, ఒక పక్క రిజిస్ట్రారు, ఇంకో పక్క ఇంగ్లీషు మేడమ్. మేడమ్ గురించి పిల్లలు చెప్పింది విన్నాను. ఒక్క తప్పు దొర్లినా పెన్నెత్తుతుందట. 'గుడ్ మార్నింగ్' చెప్పాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. మేడమ్ పెన్నెత్తింది.

నా పాఠం: ఆపరేషన్లో లెక్క. కుట్లు వేసే ముందు గాజ్ ముక్కలు, సూదులు, కత్తెరలు ఎన్ని లోపలికి వెళ్ళాయో అన్నీ బయటికొచ్చాయా అని ఇద్దరు కలిసి పైకి లెక్కపెట్టడం. మొదటి రెండు వాక్యాలు బట్టీపట్టినవే చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. రిజిస్ట్రారు ఆవలింత మింగాడు.

ఆ ఆవలింత చూసేసరికి నాకు థియేటర్లోకి కొత్తగా వచ్చే పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళు ఆవలిస్తే నేను ఊరుకుంటానా? బట్టీ అంతా పక్కన పారేశాను. 'లేవండి' అన్నాను, ఇంగ్లీషులోనే. ముగ్గురూ లేచారు! మీ పెన్నులు, కళ్ళజోళ్ళు, చేతిరుమాళ్ళు బల్ల మధ్యలో పెట్టండి అన్నాను. పెట్టారు. నాతో కలిసి పైకి లెక్కపెట్టండి అన్నాను. పెట్టారు, మొదట సిగ్గుపడుతూ, తర్వాత చిన్నపిల్లల్లా. అందరూ వెనక్కి తిరగండి, ఆపరేషన్ జరుగుతోంది అన్నాను. తిరిగారు. మళ్ళీ ఇటు తిరిగి లెక్కపెడితే ఒక పెన్ను తక్కువ.

"దొరుకుతుందిలెండి, కొనసాగించండి" అని రిజిస్ట్రారు కూర్చోబోయాడు.

'ఎవరూ కూర్చోకూడదు' అన్నాను. గొంతు పెంచాను, రాసుకోవడానికి భయమెందుకు, బాగానే పెంచాను. ఆ పెన్ను ఇప్పుడు ఒక మనిషి కడుపులో ఉంది, దొరికేదాకా కుట్లు వెయ్యం, ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఎంత ఆలస్యమైనా సరే అన్నాను. ముగ్గురూ వెతికారు. ప్రిన్సిపాల్ బల్ల కిందికి వంగింది. చివరికి ఫైలు మడతలో దొరికింది, నేను పెట్టిన చోటే. రిజిస్ట్రారు ఆ పెన్నుని చేత్తో ఎత్తిపట్టుకుని "దొరికింది!" అని మన భాషలో అరిచాడు.

తర్వాత ప్రశ్నలు. మేడమ్ ప్రశ్న మెలికలు తిరిగి తిరిగి చాలాసేపు సాగింది. అలవాటైన నోరు ఊరుకోదు కదా, మీరడిగింది ఫలానా, అంతేనా అని నేను దాన్ని తిరిగి చెప్పాను. చెప్పి ఆగాను. ఇది మనుషుల గది.

మేడమ్, "లేదు, నేను అడగాలనుకున్నది అది కాదు. ఇంకోసారి అడుగుతాను" అంది. ఇంకోసారి పొట్టిగా అడిగింది. నేను తిరిగి చెప్పాను. ఊఁ అంది. జవాబు చెప్పాను. నా కాలాలు అటూ ఇటూ అయ్యాయి, ఒక చోట మాట దొరక్క చేత్తో చూపించాను. నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. పెన్ను మాత్రం బల్ల మీదే ఉంది.

పది నిమిషాలు బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ప్రిన్సిపాల్ కాగితం మీద సంతకం పెడుతూ, "మాట్లాడటం: ఉత్తీర్ణత. ఏకగ్రీవం" అంది. తలెత్తి, "వచ్చే టర్మ్‌లో మా పిల్లలకి ఈ లెక్క క్లాసు మీరే చెప్పాలి. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత తప్పించుకోకండి" అని కూడా అంది.

నేను మెట్లు దిగలేదు, దూకాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో.

మార్చి 20, ఇంకొంచెం

ఒకటి వదిలేశాను. వరండా చివర ఇంగ్లీషు మేడమ్ వెనకాలే వచ్చి ఆపింది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. ఇంగ్లీషు లేదు, మామూలుగా మన భాషలో, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ హాస్పిటల్లోనే నాకు వచ్చేవారం, ఇరవై ఏడున, ఆపరేషన్. గాల్‌బ్లాడర్లో రాళ్ళు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకున్నాను. భయంతోనే, ఇంకేం లేదు. మీరు... లోపల ఉంటారా?"

"ఉంటాను మేడమ్" అన్నాను. అసలు ఆ రోజు నాకు సెలవు.

మార్చి 21

ఎర్ర ముద్ర లేని కార్డు. దీన్ని పర్సులో ఎందుకు పెట్టుకోవాలి? మెడలో వేసుకుని ఇంట్లో తిరుగుతున్నాను. అత్తయ్య కూడా ఒకసారి మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. మా ఆయన లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ పై అంతస్తు వచ్చేలోపు వార్త మొత్తం చెప్పేశాడట. దిగనివ్వకుండా చెప్పి ఉంటాడు.

గెలిచాను. ఇంకోసారి రాస్తాను, ఎవరూ చూడటం లేదు కదా. గెలిచాను.

మార్చి 27

మేడమ్ ఆపరేషన్ ఇవాళ.

మత్తు ఇచ్చే ముందు పేషెంటు తన పేరు, తనకి జరగబోయే ఆపరేషన్ ఏమిటో సొంత నోటితో చెప్పాలి. మా దగ్గర అది తప్పదు. పెద్ద లైటు కింద, పచ్చ గుడ్డల మధ్య మేడమ్ పడుకుని ఉంది. మత్తు డాక్టరు గారు అడిగారు. ఆవిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. క్లాసు నిండా పిల్లల్ని వణికించే గొంతు అది.

కొత్త సర్జన్ గోడ గడియారం వైపు చూశాడు. "ఫైల్లో అన్నీ ఉన్నాయిగా సిస్టర్. మొదలుపెడదామా?"

"ఆవిడ చెప్పేదాకా ఆగుదాం డాక్టర్."

అతను చేతులు గుండెల దగ్గరికి తెచ్చుకుని ఆగాడు. మత్తు డాక్టరు గారు ఆగారు. నేను మేడమ్ చెయ్యి పట్టుకుని, "తొందరేం లేదు. ఎంతసేపైనా తీసుకోండి. మేమందరం ఇక్కడే ఉంటాం" అన్నాను.

చెప్పింది. పేరు సగం మింగేసింది. తర్వాత ఒక మాట ఇంగ్లీషులో, ఒక మాట మన భాషలో, రాళ్ళు అని, తియ్యడం అని, కుడివైపు అని, ఒకదానికొకటి అతుక్కోకుండా. చెప్పడం అయ్యాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సరిగ్గా చెప్పానా? తప్పులేమైనా..."

"ఒక్కటి కూడా లేదు మేడమ్" అన్నాను.

రెండో మూడో ఉన్నాయి. ఉంటే ఉండనీ. ఇవాళ మార్కులు వేసేది నేను.